ఫేస్‌వాష్ నురుగు, బోరు నీళ్లు, పసుపు పరీక్ష

(నల్లగొండలో డిగ్రీ విద్యార్థినులు, వాళ్ల తల్లుల ముందు ఒక చర్మవైద్యురాలు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక ఉన్నోళ్లకు వినపడుతుందా? వినపడకపోతే ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగనే ఉన్నయ్.

ఫేస్‌వాష్ గురించి చెప్పమన్నరు. మొకం కడుక్కునుడు కూడా నేర్పాల్నా అని అమ్మలు నవ్వుతున్నరు. నవ్వండి, పర్వాలేదు. ఒక్కటి అడుగుత, చేతులెత్తండి. ఫేస్‌వాష్ తోని కడుక్కున్నంక మొకం బిర్రుగ గుంజినట్టు ఎంతమందికి అయితది? చూసిన్రా ఎన్ని చేతులు లేచినయో! ఆ గుంజుడు చూసి "మంచిగ సాఫైంది" అనుకుంటరు. కాదమ్మా. చర్మం మీద ఉండాల్సిన నూనె కూడా పోయిందన్నట్టు. కడిగిన 5 నిమిషాలకు మొకం మెత్తగ, మామూలుగ ఉండాలె. గుంజొద్దు, మండొద్దు, గోక్కోవాలనిపించొద్దు. మీ ఫేస్‌వాష్ మీకు పడుతుందా లేదా అన్నదానికి ఇంతకన్న మంచి పరీక్ష లేదు. రేటు చూసి కాదు, టీవీల చూసి కాదు, కడిగినంక 5 నిమిషాలకు చూసుకోండి.

ఇగ నురుగు సంగతి. నురుగంటే ఏంది? గాలి. సన్నటి నీటి పొర లోపల చిక్కుకున్న గాలి, అంతే. మొకం మీది జిడ్డును తీసేది నురుగు కాదు, నీళ్లల్ల కలిసిన సర్ఫాక్టెంట్. దాని అణువుకు రెండు కొసలుంటయ్, ఒక కొస నూనెను పట్టుకుంటది, ఇంకో కొస నీళ్లను పట్టుకుంటది. నూనె బొట్టు చుట్టూ ఇవి గుమిగూడతయ్, నీళ్లు పోసినప్పుడు నూనెతోని కలిసి కొట్టుకపోతయ్. నురుగు లేకున్నా ఈ పని అయితది. మరి నురుగెందుకు? వేళ్లు జారనీకె. వేళ్లు చర్మాన్ని రాకకుంట, ఫేస్‌వాష్ అంతట సమానంగ పరుచుకోనీకె. నురుగుకు ఉన్న పని అదే.

కానీ మనం ఏం జేస్తం? నురుగు తక్కువొస్తే ఇది పనిచేస్తలేదు అనుకుంటం. ఇంకింత పిండుతం. ఇంకింత రుద్దుతం. మన దగ్గర ఫేస్‌వాష్ తోని వచ్చే తిప్పలు చానా వరకు ఇక్కడనే మొదలైతయ్. ఎందుకంటే మన దగ్గర నురుగు తక్కువే వస్తది. ఎందుకు తక్కువ వస్తది? చెప్పండి ఎవరన్న. ఆ, బోరు నీళ్లు. కరెక్ట్.

బకెట్ అంచుకు తెల్లటి పొర పడతది, వాటర్ హీటర్ రాడ్‌కు సున్నం పెచ్చులు కడతయ్, షవర్ బొక్కలు మూసుకపోతయ్. అదంతా కాల్షియం, మెగ్నీషియం. స్కూల్ల కఠిన జలం అని చదివిన్రు గదా, అదే. తాగే నీళ్లకు మన దేశం పెట్టుకున్న ప్రమాణం ఏందంటే, లీటరుకు 200 మిల్లీగ్రాముల కఠినత్వం దాకా మంచిది, వేరే నీళ్లు లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చు. ఇది తాగేటందుకు పెట్టిన లెక్క. సబ్బుకు ఆ 200 కూడా ఎక్కువనే.

సబ్బు ఈ నీళ్లల్ల కలిస్తే ఏమైతది? కాల్షియం పోయి సబ్బును పట్టుకుంటది, నీళ్లల్ల కరగని తెల్లటి తెట్టు తయారైతది. బకెట్ల తేలుతది చూడండి, అదే మొకం మీద కూడా అంటుకుంటది. ఎన్ని నీళ్లు కొట్టినా సరిగ పోదు. గంటయినంక దవడ కాడ, ముక్కు పక్కల తెల్లగ పొట్టు లేస్తది. అప్పుడు ఏం జేస్తరు? పొట్టు లేస్తుందని మళ్ల కడుగుతరు! ఫేస్‌వాష్‌లల్ల ఉండే సర్ఫాక్టెంట్లు చాలావరకు ఇట్ల తెట్టు కట్టవు, నురుగు మాత్రం కొంచెం తగ్గుతది. తగ్గనీయండి. అది చూసి రెండోసారి పిండొద్దు.

ఎవరో ఒకరు అడుగుతరు, నేనే చెప్తున్న. ఫ్లోరైడ్ నీళ్లతోని కడిగితే మొకం ఖరాబైతదా? ఫ్లోరైడ్ బాధ ఏందో మర్రిగూడ, మునుగోడు దిక్కు వాళ్లకు నేను చెప్పాల్నా? పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతికి బయట దేశాలల్ల కూడా "నల్లగొండ టెక్నిక్" అనే పేరు. కానీ ఫ్లోరైడ్ తోని ఆ ఎముకల జబ్బు వచ్చింది తాగిన నీళ్లతోని, వండుకున్న నీళ్లతోని. మొకం కడుక్కున్నందుకు రాదు. మొకానికి చూసుకోవాల్సింది ఈ సున్నం కఠినత్వమే.

మరేం జెయ్యాలె? మిషన్ భగీరథ నల్లా, అంటే సర్కారు తాగునీళ్ల నల్లా, వస్తే ఆ నీళ్లు ఒక బిందెల పట్టి పెట్టుకోండి. కడుగుడంతా బోరు నీళ్లతోనే కానీయండి, ఆఖరుకు ఒక్క చెంబు ఆ నీళ్లతోని కడుక్కోండి. ఒక్క చెంబు చాలు. నల్లా లేదంటరా, బోరు నీళ్లు మరగబెట్టి చల్లారనియ్యండి, అడుగున తెల్లగ పేరుకుంటది, పైన తేట వంపుకోండి. కఠినత్వం అంతా పోదు, కొంత పోతది. పటిక వేస్తే మురికి కిందికి దిగుతది గానీ కఠినత్వం తగ్గదు, అది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మీ చేతుల ఉన్నది ఏ రకమో చూద్దాం. నురుగొచ్చేవి మూడు తీర్లు. ఒకటి ట్యూబుల జెల్లు. రెండోది పంపు సీసా, నొక్కితే నురుగే బయటికొస్తది. మూడోది క్రీము లెక్క చిక్కగ, తెల్లగ, ముత్యం మెరుపుతోని ఉండే ఫోమ్ ట్యూబు. ఈ మూడోదాని తోనే జర జాగ్రత్త. వెనక లేబుల్ చదవండి. అక్షరాలు చిన్నగ ఉంటయ్, ఫోన్ల ఫోటో తీసి పెద్దగ చేసుకోండి. మొదట్లనే మిరిస్టిక్ యాసిడ్, స్టియరిక్ యాసిడ్, పొటాషియం హైడ్రాక్సైడ్ అని మూడూ కలిసి కనపడ్డయనుకోండి, అది సబ్బే. ట్యూబుల పోసిన సబ్బు. మన నీళ్లల్ల తెట్టు కట్టేది అదే. సోడియం లారిల్ సల్ఫేట్ ముందుంటే జిడ్డు గట్టిగ తీస్తది, ఎండిన చర్మానికి మంచిది కాదు. కోకోయిల్ ఐసెథియోనేట్, కోకమిడోప్రొపైల్ బీటైన్, డిసైల్ గ్లూకోసైడ్, ఇవి మెత్తటివి. పేర్లు నోరు తిరగవు, నిజమే. రాసుకోండి.

లేబుల్ చదువుడు కష్టమైతే ఇంట్లనే పరీక్ష ఉంది. పసుపు. కుంకుమ ఎట్ల చేస్తరో పెద్దమ్మలకు తెలుసు గదా? పసుపుల సున్నం కలిపితే ఎర్రగైతది. కాళ్లకు పెట్టే పారాణి కూడా అంతే. పసుపుల ఉండే కుర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడతది. సబ్బు కూడా క్షారమే, దాని పీహెచ్, అంటే పులుపా క్షారమా అని చెప్పే అంకె, 9, 10 దాకా ఉంటది. మన చర్మం పైన పీహెచ్ 5 దరిదాపుల ఉంటది, అంటే కొంచెం పులుపు దిక్కు. తెల్ల సాసర్ల చిటికెడు పసుపు వేసి నాలుగు చుక్కలు ఫిల్టర్ నీళ్లు కలపండి. బోరు నీళ్లు వద్దు, అవే కొంచెం క్షారంగ ఉండొచ్చు. దాంట్ల అర చెంచ ఫేస్‌వాష్ వేసి తిప్పండి. పచ్చగనే ఉంటే సరే. ఇటుక రంగుకు తిరిగితే అది సబ్బు జాతిది.

ఇక్కడ బల్ల మీద రెండు సాసర్లున్నయ్, చూడండి. దీంట్ల బట్టల సబ్బు ముక్క. ఎర్రగైంది చూసిన్రా? దీంట్ల మామూలు జెల్ ఫేస్‌వాష్. పచ్చగనే ఉంది. అయితే ఈ పరీక్ష ఎంతవరకు చెప్తదో అంతవరకే నమ్మండి. క్షారం ఉందా లేదా అనే చెప్తది. పచ్చగున్నంత మాత్రాన అది మీకు పడుతదని కాదు. రంగు వేసిన ఫేస్‌వాష్ అయితే సరిగ తెల్వది కూడా.

క్షారమైతే ఏమైతది అంటరా? చర్మం పీహెచ్ పైకి పోతది, మళ్ల కిందికి రానీకె కొన్ని గంటలు పడతది. రోజుకు ఒకసారి స్నానానికి సబ్బు వాడితే పెయ్యికి ఏం గాదు. మొకానికి మూడుసార్లు, నాలుగుసార్లు రుద్దితే చర్మానికి కోలుకునే టైం ఎక్కడుంది?

ఇప్పుడు అసలు కడుగుడు. మెల్లగ చెప్త, రాసుకునేటోళ్లు రాసుకోండి.

ముందు చేతులు. చేతులు సబ్బుతోని కడగకుంట మొకం ముట్టొద్దు. మిరప తోటకు పోయొచ్చినోళ్లు, పచ్చడి కలిపినోళ్లు ఇంకా జాగ్రత్త. కారం మంట వట్టి నీళ్లకు పోదు, నూనెకు పోతది. చేతులకు జర వంటనూనె రాసి, ఆ తర్వాత సబ్బుతోని రెండుసార్లు కడిగి, అప్పుడు మొకం దగ్గరికి తేండి.

తర్వాత జుట్టు వెనక్కు కట్టుకోండి. వేళ్లకు ఉంగరాలుంటే తీయండి. మొకం మీద గోరువెచ్చటి నీళ్లు, లేకుంటే మామూలు చల్లటి నీళ్లు, నాలుగైదు దోసిళ్లు కొట్టండి. మొత్తం తడవాలె. పొడి మొకం మీద ఫేస్‌వాష్ పెడితే ఒకే కాడ చిక్కగ పడి మండుతది. నీళ్ల వేడి చూసుకోండి. మే నెలల డాబా మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం ఎట్లుంటయో తెలుసు గదా? చెయ్యి పెట్టలేం. ఆ నీళ్లు మొకానికి వద్దు. పొద్దుగాలనే ఒక బకెట్ పట్టి నీడకు పెట్టుకోండి.

ఎంత తీసుకోవాలె? జెల్లయితే శనగ గింజంత. ఫోమ్ క్రీమ్ అయితే అందుల సగం. పంపు అయితే ఒక్క నొక్కు, మొకం పెద్దగ ఉంటే రెండు. అంతే. ఒక లెక్క చెప్త. పూటకు 1 ఎంఎల్ చొప్పున రెండు పూటలా వాడితే 100 ఎంఎల్ ట్యూబు 50 రోజులొస్తది. మీది 20 రోజులకే అయిపోతుందా? పూటకు రెండున్నర ఎంఎల్ పోస్తున్నరన్నట్టు. పైసలూ పోతున్నయ్, చర్మమూ పోతుంది.

జెల్లును నేరుగ మొకానికి రాయొద్దు. అరచేతుల నాలుగు చుక్కల నీళ్లు కలిపి, రెండో చేతి వేళ్లతోని ఒక 10 సెకన్లు తిప్పండి. నురుగు కొంచెమొచ్చినా చాలు. పంపు నురుగుకు ఈ పని అక్కర్లేదు. అది తయారై వచ్చిన నురుగు, అరచేతులల్ల రుద్దితే ఉన్నది కూడా చస్తది. నేరుగ తడి మొకం మీద పెట్టండి.

నూనె ఎక్కువుండే కాడ మొదలుపెట్టాలె. నుదురు, ముక్కు, గదవ. ఆ తర్వాత చెంపలు, ఆఖరుకు దవడ అంచు. చెంపలు ముందు పెడితే ఏమైతది? ఎండిపోయే చెంపల మీద ఎక్కువసేపు ఉంటది, జిడ్డున్న ముక్కు మీద తక్కువసేపు ఉంటది. తలకిందులైతది. వేళ్ల కొసలతోనే, నడిమి వేలు, ఉంగరపు వేలు, బరువు పెట్టకుంట గుండ్రంగ తిప్పండి. గోర్లు తగలొద్దు. అరచేతులతోని రుద్దొద్దు. కనురెప్పల మీద అసలే వద్దు. మొత్తం కలిపి 30 సెకన్ల నుంచి నిమిషం లోపల అయిపోవాలె. సీసా మూతికి సిలికాన్ బ్రష్ పెట్టి అమ్ముతున్నరు గదా, మొటిమలున్నోళ్లు దాన్ని పీకేయండి. రుద్దితే మొటిమలు పోవు, పగుల్తయ్, మచ్చలైతయ్. బ్రష్ తడిగ బాత్‌రూంల పడుంటే దాంట్ల క్రిములు కూడా పెరుగుతయ్.

ఇగ కడిగేసుడు. అందరం తొందరపడేది ఇక్కడనే. పెట్టేటప్పుడు నిమిషం, కడిగేటప్పుడు మూడు దోసిళ్లు! కనీసం పది పన్నెండు దోసిళ్లు కొట్టాలె. ఎక్కడెక్కడ మిగుల్తదో చెప్త. జుట్టు మొదళ్ల కాడ, చెవి ముందు, ముక్కు రెక్కల మూలల, దవడ కింద. ఇంకొకటి, ముక్కుపుడక చుట్టూ. కడిగినంక అద్దంల చూసి వేలుతోని తడమండి, జారుతుందంటే ఇంకా ఉందన్నట్టు. నుదుటి అంచుకు, దవడ లైనుకు వరసగ సన్నటి పొక్కులొచ్చినోళ్లు ఫేస్‌వాష్ మార్చకముందు ఒక రెండు వారాలు సరిగ కడిగి చూడండి. నుదుటి మీదయితే తలకు పెట్టే కొబ్బరి నూనె కూడా కారణం కావచ్చు.

తుడుచుకునుడు అంటే అద్దుకునుడే. రుద్దొద్దు. తువ్వాల ఎవరిది వాళ్లకుండాలె. హాస్టల్ పిల్లలూ, మీకే చెప్తున్న, చున్నీ కొంగుతోని, పక్కమంచం పిల్ల తువ్వాలతోని తుడుచుకోవద్దు. తామర ఇట్లనే పాకుతది. తువ్వాల రోజూ ఎండకు ఆరెయ్యండి.

అద్దుకున్నంక చర్మం కొంచెం తడిగ ఉండంగనే, రెండు మూడు నిమిషాల లోపల, మాయిశ్చరైజర్ పెట్టండి. జిడ్డు మొకానికి కూడానా? అవును, నూనె లేని రకం చూసి పెట్టండి. పొద్దున అయితే దాని మీద 30 ఎస్పీఎఫ్ సన్‌స్క్రీన్. దాని గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.

రోజుకు ఎన్నిసార్లు? పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి. బాగ చెమట పట్టి వస్తే ఇంకొకసారి. అంతకు మించొద్దు. నడుమ నడుమ వట్టి నీళ్లు కొట్టుకోండి. ఎండిన చర్మమున్నోళ్లు, సలికాలంల అందరూ, పొద్దున వట్టి నీళ్లు, రాత్రి మాత్రం ఫేస్‌వాష్. రెండిట్ల ఒకటే కావాలంటే రాత్రిదే ఉంచుకోండి. ఎందుకంటే పొద్దంతా పట్టిన దుమ్ము, పొగ, సన్‌స్క్రీన్ రాత్రే పోవాలె. మేకప్ వేసుకున్న రోజు, కాటుక పెట్టిన రోజు ముందు దూదితోని మేకప్ తీసి, ఆ తర్వాత ఇది. ఒకేసారి నురుగుతోని అంతా పోవాలని రుద్దితే కండ్లు ఎర్రబడతయ్.

మొటిమల ఫేస్‌వాష్ వేరే లెక్క. సాలిసిలిక్ యాసిడ్ 2 శాతం, బెంజాయిల్ పెరాక్సైడ్ రెండున్నర నుంచి 5 శాతం, ఇట్ల ఉంటయ్. ఇవి పనిచెయ్యాలంటే చర్మం మీద ఒకటి రెండు నిమిషాలు ఉండాలె. వెంటనే కడిగితే మందు కాల్వల పోతది. మొదటి వారం రోజు విడిచి రోజు, అదీ రాత్రి పూటనే. బెంజాయిల్ పెరాక్సైడ్‌కు రంగు తినే గుణముంది. రంగు తువ్వాల, రంగు దిండు గలీబు మీద తెల్ల మచ్చలు పడతయ్, తెల్లవి వాడండి. రెండూ ఒకేసారి మొదలుపెట్టొద్దు. గర్భిణులు డాక్టర్‌ను అడగకుంట వీటి జోలికి పోవద్దు.

ఇంకొక మాట, ఇది గట్టిగ చెప్తున్న. ఏ ఫేస్‌వాష్ పెట్టినా మండుతుంది, ఎండల నిలబడితే మొకం ఎర్రగైతుంది, సన్న రక్తనాళాలు కనపడుతున్నయ్, మొకం మీద వెంట్రుకలు పెరుగుతున్నయ్ అంటే, నేను మొదట అడిగేది ఫేస్‌వాష్ పేరు కాదు. మెడికల్ షాపుల కొన్న తెల్లబడే క్రీము ఏం వాడుతున్నరు అని. బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ అని రాసి ఉంటే అవి స్టెరాయిడ్లు. వీటిని డాక్టర్ చీటీ లేకుంట అమ్మొద్దని 2018లనే కేంద్రం నిబంధన తెచ్చింది, అయినా దొరుకుతున్నయ్. నెలల తరబడి పెట్టినోళ్లు ఒక్కసారి బంద్ పెడితే మొకం ఇంకా ఎక్కువ రేగుతది, కాబట్టి ట్యూబు పట్టుకొని చర్మ డాక్టర్ దగ్గరికి రండి. అప్పటిదాక నురుగు ఫేస్‌వాష్ పక్కన పెట్టి, నురుగు రాని మెత్తటి క్లెన్సర్ వాడండి.

ఇగ చీటీల మీద రాసిచ్చిన ప్రశ్నలు.

"సున్నిపిండి, శనగపిండి మంచివి కావా?" మెత్తగ జల్లించింది, వారానికి ఒకసారి, రుద్దకుంట పూసి కడిగితే పర్వాలేదు. పలుకులున్న పిండితోని మొటిమల మీద రుద్దొద్దు. మొకం మీదనే ఎండబెట్టి బరికి తీయొద్దు.

"బొట్టు పెట్టే కాడ తెల్లగైతుంది, ఫేస్‌వాష్ వల్లనా?" కాదు. స్టిక్కర్ బొట్టు జిగురు పడక చానామందికి అట్లయితది. స్టిక్కర్ మానెయ్యండి, డాక్టర్‌కు చూపెట్టండి. కొందరికి ముందు దురద, ఆ తర్వాత తెలుపు వస్తది, దురదప్పుడే మానేస్తే మంచిది.

"మగపిల్లలకు వేరేది కావాల్నా?" ఎందుకు? డబ్బా నల్లగుంటే మగపిల్లలది, గులాబీ రంగుంటే ఆడపిల్లలదా? చర్మం జిడ్డుదా, ఎండిందా అని చూసి కొనండి. గడ్డం గీసుకునే ముందు కడిగితే వెంట్రుక మెత్తబడతది, అదొక్కటి లాభం.

"చిన్నపిల్లలకు పెట్టొచ్చునా?" మొటిమలు మొదలుకాకముందు అవసరం లేదు, నీళ్లు చాలు.

"పంపు సీసా నొక్కితే నీళ్లే వస్తున్నయ్, నురుగొస్తలేదు." ఇది మంచి ప్రశ్న. ఆ పంపుల రెండు గదులుంటయ్, ఒకటి ద్రవానికి, ఒకటి గాలికి. రెండూ కలిసి సన్న జాలి గుండా వస్తేనే నురుగు. ఆ జాలి ఎండిన ఫేస్‌వాష్ తోని, మన నీళ్ల సున్నం తోని మూసుకపోతది. పంపు విప్పి గిలాసెడు గోరువెచ్చటి నీళ్లల్ల ముంచి పదిహేనుసార్లు నొక్కండి, నీళ్లు తేటగ వచ్చేదాక. ఆరబెట్టి బిగించండి. సీసాను ఊపొద్దు, తలకిందులుగ పట్టుకొని నొక్కొద్దు. అయిపోయినంక దాంట్ల ట్యూబు జెల్లు పోస్తరు కొందరు, చిక్కగ ఉంటది కాబట్టి జాలిల నుంచి రాదు. రాలేదని బోరు నీళ్లు కలుపుతరు. నీళ్లు కలిస్తే చెడిపోకుంట వేసిన మందు పలచబడతది, లోపల క్రిములు పెరుగుతయ్. మళ్ల నింపాలంటే అదే కంపెనీ రీఫిల్ ప్యాకెట్ కొనండి, సీసా కడిగి పూర్తిగ ఆరినంకనే పొయ్యండి. సీసా వెనక మూత తెరిచిన డబ్బా బొమ్మ, దాంట్ల 6ఎం అనో 12ఎం అనో ఉంటది. తెరిచినంక అన్ని నెలలే వాడాలని. తెరిచిన తారీకు పెన్నుతోని సీసా అడుగున రాసుకోండి.